ర్యాంపు రెడీ.. టీచరేడీ?

డిసెంబరు 3 దగ్గర పడుతోందంటే జిల్లా కేంద్రాల్లో షామియానాలకు గిరాకీ. ప్రపంచ దివ్యాంగుల దినోత్సవం మరి! వేదిక మీద మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, కలెక్టరుగారు, వాళ్ల వెనక నిలబడటమే ఉద్యోగంగా పెట్టుకున్న మరో పాతికమంది. కింద, పొద్దున ఎనిమిదింటికే తెచ్చి కూర్చోబెట్టిన పిల్లలు. మంత్రిగారు పదకొండున్నరకు దయచేస్తారు. వేదికకు మెట్లుంటాయి. ర్యాంపు? ఉండదు. చక్రాల కుర్చీలోని పిల్లాణ్ని నలుగురు మోసుకెళ్లి పైకి చేరుస్తారు. శాలువా కప్పిస్తారు. మర్నాడు పేపర్లో పడే ఫొటో అదే.

తర్వాత ఉపన్యాసాలు. మీరు దేవుడి బిడ్డలన్నారు. మీరే మాకు స్ఫూర్తి అన్నారు. ఒక స్వీటు, ఒక అరటిపండు, ఒక సర్టిఫికెట్. జై హింద్.

మరి నాలుగో తారీఖున?

నాలుగో తారీఖున ఆ పిల్లాడు బడికెళతాడు. వెనక వరసలో కూర్చుంటాడు. సాయంత్రం దాకా కూర్చునే ఉంటాడు. ఇంటికొస్తాడు. హాజరు పడింది కాబట్టి సర్కారు లెక్కలో వాడు చదువుకున్నట్టే. వాడికి చదువు చెప్పడం వచ్చిన టీచరు ఆ బడిలో ఉన్నారా, పోనీ ఆ మండలంలోనైనా ఉన్నారా అని మాత్రం ఎవరూ అడక్కూడదు. అడిగితే సభామర్యాద దెబ్బతింటుంది.

మన ఏలికలకు గట్టి సూత్రం ఒకటుంది. రిబ్బను కట్టడానికి వీలున్న పనైతే చేద్దాం. ర్యాంపుకు కట్టొచ్చు. మూడు చక్రాల సైకిలుకు కట్టొచ్చు. వినికిడి యంత్రాల అట్టపెట్టెకు కూడా కట్టొచ్చు. చూపులేని పాపకు భిన్నాలు ఎలా చెప్పాలో నేర్చుకున్న టీచరమ్మకు రిబ్బను ఎక్కడ కడతారు? కట్టలేరు. అందుకే ఆమెను పెట్టరు.

చట్టాలు లేవనుకునేరు. అబ్బో, వాటికేం కొదవ! 1995లో ఒకటి చేశారు. 2009లో విద్యాహక్కు తెచ్చారు. దాన్ని 2012లో సవరించి వైకల్యం ఉన్న పిల్లలనూ చేర్చారు. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం చేసి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి తెచ్చారు. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే కొత్త దాంట్లో 21. లెక్క మూడింతలైంది. టీచర్ల సంగతి మాట్లాడకండి.

ఆ చట్టంలో 17వ సెక్షన్ చదవండి ఒకసారి. చదువుతుంటే కడుపు నిండిపోతుంది. బడి ఈడు పిల్లల సర్వే ఐదేళ్లకోసారి చేయాలట. మొదటిది రెండేళ్లలోపే అయిపోవాలట. బ్రెయిలీ వచ్చినవాళ్లను, సంజ్ఞాభాష వచ్చినవాళ్లను, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చెప్పగలిగినవాళ్లను తయారు చేసి ఉద్యోగాల్లో పెట్టాలట. బడి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలట. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలు, ఉపకరణాలు పైసా తీసుకోకుండా ఇవ్వాలట. ఎంత చక్కగా రాశారు! మొదటి సర్వే గడువు 2019 ఏప్రిల్‌తో తీరింది. ఆ తర్వాత మరో ఐదేళ్లూ గడిచాయి. మీ గడప ఎవరైనా తొక్కారా? పక్కింటి గడప?

తొక్కి లెక్క తేలిస్తే పోస్టులు మంజూరు చేయాల్సి వస్తుంది. ఆ గొడవెందుకు? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 19 ఏళ్లలోపు వైకల్యం ఉన్న పిల్లలు 78 లక్షల పైచిలుకు. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 2019లో యునెస్కో వాళ్లు ఒక నివేదిక ఇచ్చారు. వైకల్యం ఉన్న ఐదేళ్ల పిల్లల్లో నలుగురికి ముగ్గురు ఏ విద్యాసంస్థలోనూ లేరని అందులో రాశారు. మనవాళ్లు చూశారు. చూసి, నివేదిక బాగుందన్నారు.

ఇక ర్యాంపు వైభవం. ప్రతి ప్రభుత్వానికీ బళ్లకు సున్నం వేసే పథకం ఒకటుంటుంది. ఆంధ్రాలో నాడు-నేడు అన్నారు. తెలంగాణలో మన ఊరు-మన బడి అన్నారు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, గోడ రంగు మారుతుంది. ర్యాంపు మాత్రం అదే. పన్నెండు అడుగుల పొడవుకు ఒక్క అడుగే ఎత్తు పెరగాలని ప్రమాణం. మన కాంట్రాక్టరుగారు నాలుగడుగుల్లో పని కానిస్తారు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, హెడ్మాస్టరుగారి మోటారు సైకిలు మాత్రం సుఖంగా ఎక్కుతుంది. కొన్నిచోట్ల ర్యాంపు చివర మళ్లీ ఒక మెట్టు. ఎందుకయ్యా అంటే, నీళ్లు లోపలికి రాకుండానట! పిల్లాడు రాకపోయినా ఫర్వాలేదు, నీళ్లు రాకూడదు.

మరుగుదొడ్డి సంగతి వింటారా? 2021-22లో దేశం మొత్తం మీద చేతిపట్టీ ఉన్న ర్యాంపులు దాదాపు సగం బళ్లలో ఉన్నాయి. ఈ పిల్లలు వాడుకోగల మరుగుదొడ్లున్నవి 27 శాతమే. కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కే ఇది, నా కవిత్వం కాదు. అంటే బడిలోకి రావచ్చు. వచ్చాక ఆపుకోవాలి. అందుకే మన పల్లెల్లో తల్లులు కూలి మానుకుని బడి వరండాలో కూర్చుంటారు, ఒంటికి పోసుకునే వేళకు ఎత్తుకెళ్లడానికి. ఎత్తుకెళ్లే వీలు లేని పిల్ల పొద్దుట్నుంచి నీళ్లు తాగదు. ఉన్న ఆ 27 శాతంలో ఎన్నింటికి తాళం వేసి ఉంది, ఎన్నింట్లో చీపుళ్లు, బియ్యం గోతాలు కాపురం చేస్తున్నాయి? అది ఈ శాతం చెప్పదు.

ఇలాంటి సదుపాయాల కోసం రాజీవ్ రాతూరి అనే చూపులేని పౌరుడు 2005లో సుప్రీంకోర్టుకెక్కారు. 2024 నవంబరు 8న కోర్టు ఒక మాట తేల్చింది. చట్టం 'చేసి తీరాలి' అంటుంటే, దాని కింద సర్కారు రాసుకున్న నిబంధన 'చేస్తే మంచిది' అన్నట్టుంది, అది చెల్లదు పొమ్మంది. ఎక్కడెక్కడ ఏమేం లోపాలున్నాయో కోర్టుకు నివేదిక రాసిచ్చింది మన హైదరాబాద్ నల్సార్ వర్సిటీలోని దివ్యాంగ అధ్యయన కేంద్రమే. మందు రాసిచ్చిన వైద్యుడు మన ఊళ్లోనే ఉన్నాడు. రోగి మాత్రం అలాగే ఉన్నాడు.

సరే, ర్యాంపు ఎక్కేశాం. తలుపు తీశాం. లోపల ఎవరున్నారు?

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో, ఎంతమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడో ముందు తేల్చండి అంది. కేంద్రం ఆలోచించింది. దాదాపు ఏడాది ఆలోచించింది. 2022 సెప్టెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఐదో తరగతి వరకు పదిమంది పిల్లలకొకరు, ఆరు నుంచి ఎనిమిది వరకు పదిహేనుమందికొకరు. శుభం. ఆ తర్వాత రాష్ట్రాలు ఏం చేశాయి? 2025 మార్చి 7న ఇదే కేసు మళ్లీ కోర్టు ముందుకొచ్చింది. చాలా రాష్ట్రాలు ఎన్ని పోస్టులు కావాలో కూడా గుర్తించలేదని కోర్టే వాపోయింది. మార్చి 28లోగా లెక్క తేల్చి చెప్పమంది. దాదాపు మూడున్నరేళ్లు! ఈలోగా ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు నాలుగుకొచ్చేశాడు. కూడిక రాకుండానే వచ్చేశాడు. ఎలా వచ్చాడంటారా? మన దగ్గర ఫెయిల్ చేయరుగా!

నిజం చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నాను. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే ప్రత్యేక విద్యకు 1,016 ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. చప్పట్లు కొట్టండి, నేనూ కొడతాను. కొట్టాక భాగహారం చేయండి. మన ఊరు-మన బడి లెక్కలో తెలంగాణ సర్కారు బళ్లు 26,065. పాతిక బళ్లకు ఒక్కరు చొప్పున కూడా రారు. ఆంధ్రాలో సర్కారు బళ్లు నలభై వేలు దాటే ఉన్నాయి. మిగతా భాగహారం మీరే చేసుకోండి.

మరి ఇన్నాళ్లూ ఈ పని ఎవరు చేశారు? ఐఈఆర్‌పీలు. సమగ్ర శిక్షా కింద కాంట్రాక్టు మీద బతుకుతున్న ప్రత్యేక ఉపాధ్యాయులు. మండలానికి ఒకరో ఇద్దరో. మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉంటుంది. పేరు చూడండి, భవిత! ఒక గది, నాలుగు బొమ్మలు, ఒక నిలువుటద్దం, వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు. ఐఈఆర్‌పీ పొద్దున ఆ కేంద్రం తెరవాలి. మధ్యాహ్నం బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి గృహ ఆధారిత విద్య చెప్పాలి. ఊళ్లు ఎన్నున్నా, పెట్రోలు ఎవరిదైనా. మధ్యలో వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి పిల్లల్ని పోగెయ్యాలి. ఉపకరణాలు తయారుచేసే అలిమ్‌కో వాళ్లు కొలతలు తీసుకోవడానికొస్తే ఒకసారి, పరికరాలు పంచడానికొస్తే మరోసారి జనాన్ని తేవాలి. పిల్లాడు పెరుగుతాడు కదా! కొలత తీసిన కాలిపర్‌ చేతికొచ్చేసరికి బిగుతైపోతుంది. ఆ బిగుతు సంగతి తల్లి అడిగేది కూడా ఐఈఆర్‌పీనే. ఆన్‌లైన్ ఎంట్రీలు వీళ్లవే. పరీక్షల డ్యూటీ వీళ్లదే. డిసెంబరు 3న పిల్లల్ని ఎనిమిదింటికల్లా తెచ్చి కూర్చోబెట్టిందెవరనుకున్నారు?

ఇంతచేసి వీళ్లు ఉద్యోగులేనా? కాదు. ఏడాదికోసారి రెన్యువల్. ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు మీదే ఉన్నవాళ్లున్నారని సుప్రీంకోర్టు ముందే తేలింది. వాళ్ల అర్హతలు చూసి రెగ్యులర్ స్కేలు సంగతి తేల్చడానికి రాష్ట్రానికో కమిటీ వేయమని కోర్టు చెప్పాల్సొచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రాలో సమగ్ర శిక్షా ఉద్యోగులు సమ్మె చేశారు. 2024 డిసెంబరులో తెలంగాణలో చేశారు. రెండూ డిసెంబరులే! ఒక వీధిలో దివ్యాంగుల దినోత్సవ వేదిక కూల్చి తీసుకెళతారు, పక్క వీధిలో వాళ్ల టీచర్ల దీక్షా శిబిరం లేస్తుంది. షామియానావాడికి మాత్రం సీజను బాగుంటుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆ శిబిరంలోకొచ్చి నిమ్మరసం ఇస్తారు. అధికారంలోకొచ్చాక పోలీసుల్ని పంపిస్తారు. రెండు రాష్ట్రాల్లోనూ దొందూ దొందే.

ఇక్కడ ఇంకో తిరకాసుంది. ప్రత్యేక విద్యలో డిగ్రీ అంటే అన్నీ వచ్చేసినట్టని మన అధికారుల నమ్మకం. కాదు మహాప్రభో! బీఈడీ ప్రత్యేక విద్యలో వినికిడి లోపానికి వేరే కోర్సు, చూపు లోపానికి వేరే, మేధో వైకల్యానికి వేరే. సంజ్ఞాభాష నేర్చుకున్న టీచరమ్మకు బ్రెయిలీ అక్షరం రాకపోవచ్చు. చట్టంలో 21 రకాలున్నాయి. మండలానికి ఒక్కరున్నారు. ఆమె నేర్చుకుంది ఒక్కటి. మిగతా ఇరవై? 'మేనేజ్ చేయండి మేడమ్.' ఇదీ మన విధాన పత్రం. కంటి డాక్టరు చేత గుండె ఆపరేషన్ చేయించుకుంటారా సార్ మీరు?

అసలు ప్రత్యేక ఉపాధ్యాయుడు ఒక్కడితో అయ్యేది కాదిది. పిల్లాడు రోజంతా ఉండేది మామూలు క్లాసులో, మామూలు టీచరు దగ్గర. ఆయనకు ఏం నేర్పాం? రెండేళ్ల బీఈడీలో సహిత విద్య మీద ఒక పేపరుంది. పరీక్షకు ముందు రాత్రి గైడు చూసి పాసవుతారు. ఉద్యోగంలో చేరాక శిక్షణ ఉంది. ఎందుకు లేదు? 2019 ఆగస్టులో కేంద్రం నిష్ఠ మొదలుపెట్టింది. నలభై లక్షలకు పైగా టీచర్లకు శిక్షణ ఇస్తామంది. కరోనా వచ్చాక అది దీక్షా పోర్టల్‌లోకి ఎక్కింది. అందులో సహిత విద్య పాఠం కూడా ఉంది. ఫోనులో వీడియో దాని మానాన అది ఆడుతుంటుంది. సారు దాని ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటారు. చివర క్విజ్ ఉంటుంది. జవాబులు వాట్సాప్ గ్రూపులో ముందే తిరుగుతుంటాయి. సర్టిఫికెట్ డౌన్‌లోడ్. రాష్ట్రం వంద శాతం శిక్షణ సాధించింది. పత్రికా ప్రకటన.

టీచర్లను తిడుతున్నానా? కొంచెం. కానీ పొద్దున ముఖ హాజరు యాప్, పది గంటలకు మధ్యాహ్న భోజనం యాప్, ఒక దశలో మరుగుదొడ్డి ఫొటో తీసి పెట్టే యాప్.. ఐదు తరగతులకు ఒక్కరే ఉండే బళ్లో ఆ మనిషి ఇంకేం నేర్చుకుంటారు? 2022లో ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ అనే యాప్ ఇచ్చింది. పిల్లల్లో వైకల్యం ఆనవాళ్లు కనిపెట్టడానికి. మంచిదే. మొదటి దశ క్లాసు టీచరు నింపాలి. రెండో దశ ప్రత్యేక ఉపాధ్యాయుడు చూడాలి. ఆ రెండో దశలో చూడాల్సిన మనిషి ఎవరో యాప్‌ను అడిగితే చెబుతుందేమో అడగండి.

నేర్పాల్సిందేమన్నా బ్రహ్మవిద్యా? వినికిడి తక్కువున్న పాప పెదాలు చూసి పాఠం పట్టుకుంటుంది. సారు బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే ఆమెకు అక్కడితో పాఠం అయిపోయినట్టే. ఇటు తిరిగి మాట్లాడటం నేర్పడానికి ఎన్ని కోట్లు కావాలి? చూపు మసకగా ఉన్నవాణ్ని కిటికీ వెలుగులో ముందు వరసలో కూర్చోబెట్టి, పెద్దక్షరాల కాగితం ఇవ్వాలి. ఆటిజం ఉన్న పిల్లాడికి బెల్లు మోగేముందే, ఇప్పుడు లెక్కల క్లాసు అయిపోయి ఆటలొస్తాయని చెబితే చాలు, సగం గొడవ తగ్గుతుంది. అక్షరాలు తిరగేసి రాసే పిల్ల సోమరి కాదు. ఆమెది చట్టం గుర్తించిన అభ్యసన వైకల్యం కావచ్చు. మన బళ్లలో దానికి 'మొద్దు' అనే బిరుదు, దాంతోపాటు బెత్తం. పిల్లాడికి మూర్ఛ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. మనమో? చేతిలో తాళాల గుత్తి పెడతాం. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన దేశం మనది. బళ్లో ప్రథమ చికిత్స మాత్రం తాళాల గుత్తి దగ్గరే ఆగింది.

శిక్షణ అనగానే అందరూ టీచర్ల వైపే చూస్తారు. ఆయమ్మకు ఎవరు నేర్పారు? మరుగుదొడ్డి దగ్గర పన్నెండేళ్ల పిల్లను గౌరవంగా ఎలా పట్టుకోవాలో ఆమెకు ఎవరైనా చూపించారా? మధ్యాహ్న భోజనం వండే అక్కకు చెప్పారా? సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడికి ముద్ద మింగుడు పడదు, మెత్తగా కలిపి, కూర్చోబెట్టి, నిదానంగా పెట్టాలని? ఆటోడ్రైవరుకు? వాచ్‌మన్‌కు? చట్టం 'సిబ్బంది' అంది. మనం దాన్ని చిన్న తరగతుల టీచరు ఎస్జీటీ దగ్గరే ఆపేశాం. ఆ ఎస్జీటీ దగ్గరా వీడియోతో సరిపెట్టేశాం.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఒక జాతీయ సంస్థ ఉంది. 1984 నుంచి ఉంది. మేధో వైకల్యం ఉన్నవారి కోసం దేశానికంతటికీ మనుషుల్ని తయారు చేసే సంస్థ. ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. దేశం నలుమూలల నుంచి వచ్చి అక్కడ నేర్చుకుని వెళతారు. ఏ సర్కారైనా, మన జిల్లాకు ఇంతమంది టీచర్లను పంపుతాం, చేతులారా పని నేర్పి పంపండి అని ఆ గేటు ముందు క్యూ కట్టిందా? వీడియో చౌక కదండీ.

చౌక అంటే గుర్తొచ్చింది, డబ్బు సంగతి చూద్దాం. సమగ్ర శిక్షాలో ఒక ప్రత్యేక అవసరాల పిల్లకు ఏడాదికి రూ.3,500 దాకా. రోజుకు వేసుకుంటే రూ.9.59. టీ కూడా రాదు. ఈ తొమ్మిది రూపాయల్లో ఉపకరణాలు, బ్రెయిలీ పుస్తకాలు, చికిత్స, వచ్చిపోయే ఖర్చు, తోడొచ్చేవాళ్ల ఖర్చు.. అన్నీ సర్దుకోవాలి. ఆడపిల్లలకు అదనంగా నెలకు రూ.200. అదీ పది నెలలే. వేసవి సెలవుల్లో ఆడపిల్లకు వైకల్యం ఉండదని కాబోలు! పన్నుల సంగతి కూడా వినండి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు బంగారం మీద 3 శాతం వేశారు. చక్రాల కుర్చీ మీద 5 శాతం. నెక్లెస్ కన్నా చక్రాల కుర్చీయే విలాసమట!

గెలిచి వస్తే మాత్రం మనంత ఉదారులు లేరు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఊళ్లో జనం ఆమెను ఎగతాళి చేశారు. పతకం రాగానే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. ఇవ్వాల్సిందే, తక్కువే ఇచ్చారు. కానీ పతకం మెడలో పడకముందు పిల్లలకు రూ.9.59, పడ్డాక కోటి. మధ్యలో ఏమీ లేదా?

మచిలీపట్నం దగ్గరి సీతారామపురం కుర్రాడు బొల్లా శ్రీకాంత్ కథ అయితే సినిమాగానే తీశారు, 2024లో. హాల్లో ఏడ్చాం. చూపులేదు కాబట్టి ఇంటర్లో సైన్సు ఇవ్వం అని ఆ కుర్రాడికి చెప్పింది మన రాష్ట్ర విద్యావ్యవస్థే. కోర్టుకెక్కి సీటు తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికా ఎంఐటీలో చదివాడు. వెనక్కొచ్చి కంపెనీ పెట్టాడు. ఇందులో స్ఫూర్తి ఎంతుందో సిగ్గు అంతకు రెట్టింపుంది. టికెట్ కొన్నవాళ్లం స్ఫూర్తి మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాం. కోర్టుకెక్కే ఓపిక, లాయరు, అండ లేని పిల్లలు ఆర్ట్స్ గ్రూపులోకి నెట్టబడ్డారు, లేదా ఇంట్లో కూర్చున్నారు. వాళ్ల మీద సినిమా ఎవరు తీస్తారు? తీస్తే ఇంటర్వెల్ ఎక్కడివ్వాలో తెలియదు.

ప్రైవేటు బళ్ల ముచ్చట క్లుప్తంగా. బ్రోచర్లో ఏసీ బస్సు, ఒలింపియాడ్, ఆరో తరగతి నుంచే ఐఐటీ. అడ్మిషన్ కౌంటర్లో మేడమ్ నవ్వుతారు. పిల్లాణ్ని చూడగానే నవ్వు సన్నబడుతుంది. "మా దగ్గర ఫెసిలిటీ లేదండీ. మీ బాబు మంచికే చెబుతున్నాం. స్పెషల్ స్కూల్లో వేయండి." ఫెసిలిటీ లేకపోవడం మీ తప్పా, బాబు తప్పా? ప్రభుత్వ గుర్తింపున్న ఏ బడీ వైకల్యం పేరు చెప్పి పిల్లల్ని కాదనకూడదని దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. కాదంటే? మొదటిసారి జరిమానా పది వేల రూపాయల దాకా. ఆ బడి ఒక పిల్లాడి దగ్గర బూట్లకు, టైకి, డైరీకి వసూలు చేసేది అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ పదివేలు కూడా కట్టించినవాడెవడైనా ఉంటే ఆ అధికారికి డిసెంబరు 3న నేనే శాలువా కప్పుతాను.

అందుకని ఈ వ్యాసం చదివి అయ్యో అనుకోకండి. అయ్యోలు ఇప్పటికే చాలా ఉన్నాయి, వేదికల మీద పంచుతున్నారు. మీ ఊరి సర్కారు బడికి ఈ సోమవారం వెళ్లండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం అంటోంది. అంటే అడిగే హక్కు మీ చేతిలోనే ఉంది. హెడ్మాస్టరుగారిని మర్యాదగానే అడగండి. ఈ బళ్లో ప్రత్యేక అవసరాల పిల్లలు ఎంతమంది? వాళ్లకు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయులు ఏ రోజు వస్తారు? మీరు, మీ టీచర్లు, ఆయమ్మ చివరిసారి మనిషి ఎదురుగా శిక్షణ తీసుకున్నది ఎప్పుడు? ఆ మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంది? "చూడమ్మా, పైనుంచి ఆర్డరు రాలేదు" అంటారు. ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. రాయరు. అప్పుడు మీరే రాయండి. స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలని విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఒక నకలు రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు పంపండి. ఆయనకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. వాటిని ఆయనకు గుర్తు చేసేవాళ్లు కావాలి.

ఫొటో తీయించుకోవాల్సిన పనిలేదు. రసీదు తీసుకోకుండా మాత్రం ఇంటికి రాకండి.